యుఎన్‌సీ అని కొన్న నోటులో మడత కనిపించింది, గ్రేడ్ చూడటం ఎలా నేర్చుకోవాలి?

కొత్త_సేకర్త:

అందరికీ నమస్కారం. వేరే వేరే దేశాల కాగితపు నోట్లు సేకరించడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఇప్పటికి పదకొండు నోట్లున్నాయి. నాణేల వైపు కాకుండా ఇటు రావడానికి కారణం ఒక ఫొటో. రెండో ప్రపంచ యుద్ధంలో మలయాను ఆక్రమించిన జపాన్ సైన్యం అక్కడ చెలామణిలో పెట్టిన 10 డాలర్ల నోటు అది. దాని మీద అరటిచెట్టు బొమ్మ ఉంటుంది, అందుకే అక్కడివాళ్లు ఆ డబ్బును 'అరటి డబ్బు' అనేవారట. ఆ బొమ్మ చూశాక ఎలాగైనా ఒకటి కొనాలనిపించింది.

ఇప్పుడు చిక్కు కూడా ఆ నోటుతోనే వచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దాన్ని 'యుఎన్‌సీ' అని పెట్టారు. అంటే అసలు చేతులు మారని నోటు అనే కదా. ఫొటోలో ఏ మచ్చా లేదు. ఇంటికి వచ్చాక రాత్రి టేబుల్ దీపం కింద కాస్త వాలుగా పట్టుకుంటే సరిగ్గా నడిమధ్యలో నిలువుగా సన్నటి గీత కనిపించింది. మడతే. వేలితో తడిమితే తెలియడం లేదు. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే గీత కనిపించనే లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ఒక్క మడతకే గ్రేడ్, అంటే నోటు ఎంత బాగుందో చెప్పే మెట్టు, పడిపోతుందా? తిరిగి తీసుకోమని అడిగితే అతి చేసినట్టవుతుందా? గ్రేడ్‌ల పట్టికలు చాలాసార్లు చదివాను. చదువుతున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, నోటు చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఏం చూడాలో తోచదు. మీరంతా ఎలా నేర్చుకున్నారో చెప్పగలరా?

ఇంకొకటి. జింబాబ్వే 100 ట్రిలియన్ డాలర్ల నోటు కొనాలని ఉంది. అది విడిగా కొనడం మంచిదా, గ్రేడ్ వేసి గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి అమ్మేది మంచిదా?

గాజుపలక:

అతి ఏమీ కాదండీ, అడగండి. మడత ఉన్న నోటు యుఎన్‌సీ కాదు. ఆ ఒక్కటి తప్ప వేరే లోపం లేకపోతే అది ఏయూ, అంటే ఒక మెట్టు కింది గ్రేడ్ అవుతుంది. వాలుగా తీసిన ఫొటో ఒకటి జత చేసి మర్యాదగా రాయండి. చాలామంది అమ్మకందారులు ఒప్పుకుంటారు. తిరిగి పంపడానికి గడువు ఉంటుంది కాబట్టి ఈరోజే రాయండి.

నీటిగుర్తు:

కొత్త_సేకర్త గారూ, ముందుగా ఒక మాట. మీరు పొరపాటు ఏమీ చేయలేదు. కొన్న నోటును రాత్రి దీపం కింద వాలుగా పట్టి చూశారంటేనే మీకు చూసే కన్ను ఉందని అర్థం. నేను ఇరవై రెండేళ్లుగా నోట్లు సేకరిస్తున్నాను. ఆ పని చేయాలని నాకు తెలిసింది మూడో ఏట.

ఆ గీత పగలు ఎందుకు కనిపించలేదో చెప్తాను. పగటి వెలుతురు అన్ని వైపుల నుంచీ పడుతుంది. మడతకు ఉన్న చిన్న ఎత్తుపల్లాల నీడ ఆ వెలుతురులో చెరిగిపోతుంది. గదిలో మిగతా లైట్లన్నీ తీసేసి, ఒకే దీపం ఉంచి, నోటును కంటి ఎత్తులో దాదాపు అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, ఆ తర్వాత వెనక్కి తిప్పి మళ్లీ అలాగే. కాంతి కాగితం మీద జారుతూ మడత దగ్గర విరుగుతుంది. ఆ విరుపును ఒక్కసారి గుర్తుపట్టారంటే ఇక మరిచిపోరు. అమ్మకందారు ఫొటోలో కనిపించకపోవడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. నోటును స్కానర్‌లో పెడితే మూత దాన్ని అదిమిపెడుతుంది, వెలుతురు తిన్నగా పడుతుంది, మడత మాయమవుతుంది. వాళ్లు మోసం చేశారని అప్పుడే అనుకోకండి. నేనైతే ఖరీదైన నోటు దేనికైనా వాలుగా తీసిన ఫొటో ఒకటి, వెలుతురుకు ఎదురుగా పట్టి తీసింది ఒకటి అడగకుండా కొనను.

ఇక మెట్లు. అంతర్జాతీయ నోట్ల సేకర్తల సంఘం ఒకటి 1961లో మొదలైంది, పొడి అక్షరాల్లో ఐబీఎన్‌ఎస్ అంటారు. వాళ్ల లెక్క ప్రకారం యుఎన్‌సీ అంటే మడత, మరక, వేలిముద్ర, గుండ్రబడిన మూల ఏదీ ఉండకూడదు. ఏయూ అంటే దాదాపు అంతే, కాకపోతే చిన్న లోపం ఒకటి ఉంటుంది. మధ్యలో ఒక తేలికపాటి మడత గానీ, బ్యాంకులో కట్టలు లెక్కపెట్టేటప్పుడు మూల దగ్గర పడే వంపు గానీ. మీ నోటు ఇక్కడే ఉంది. ఎక్స్‌ఎఫ్‌లో తేలికపాటి మడతలు మూడు దాకా ఉండొచ్చు, లేదా గట్టి మడత ఒకటి. కాగితం మాత్రం ఇంకా పెళపెళలాడాలి. వీఎఫ్‌కు వచ్చేసరికి మడతలు చాలానే ఉంటాయి, కాస్త మురికి కూడా ఉంటుంది, అయినా కాగితం పూర్తిగా మెత్తబడదు. ఫైన్ అంటే బాగా తిరిగిన నోటు, అంచుల్లో చిన్న చిరుగులు ఉండొచ్చు కానీ అవి బొమ్మలోకి పోకూడదు. ఆ కింద ఉన్నవాటి గురించి ఇప్పుడు మీకు బెంగ అక్కర్లేదు, వాటిని చూడగానే పోల్చుకోగలరు.

అసలు కష్టం ఏయూకీ యుఎన్‌సీకీ మధ్యే. డబ్బు తేడా కూడా అక్కడే ఎక్కువ. అందుకే మడత పోగొట్టి అమ్మేవాళ్లూ అక్కడే ఉంటారు.

నాకు జరిగింది చెప్తాను. అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ మెక్సికో కోసం అచ్చు వేసిన 1 పెసో నోటు ఉంది కదా, ముందువైపు అజ్‌టెక్‌ల రాతి పంచాంగ చక్రం ఉండేది. దాన్ని ఒక అమ్మకందారు దగ్గర యుఎన్‌సీ అని కొన్నాను. దీపం కింద ఎంత తిప్పినా మడత లేదు. మూడు నెలల తర్వాత అదే రకం నోటు ఇంకొకటి దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు తేడా తెలిసింది. ఆ నోట్లు ఇంటాగ్లియో పద్ధతిలో అచ్చయినవి. అంటే లోతుగా చెక్కిన పలకలో సిరా నింపి, కాగితాన్ని విపరీతమైన ఒత్తిడితో దాని మీద అదుముతారు. కాబట్టి సిరా కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తుంది, వెనకవైపు నుంచి చూస్తే ఆ గీతల అచ్చు గుంటలుగా కనిపిస్తుంది. రెండో నోటులో ఆ ఉబ్బు గోటికి తగులుతోంది. మొదటిది కాఫీ టేబుల్ అద్దంలా నున్నగా ఉంది. తడిపి, బరువు పెట్టో ఇస్త్రీ చేసో మడత తీసేశారు. మడతతో పాటు నోటు ప్రాణం కూడా పోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి మడత కోసం వెతకడానికి ముందే ఉబ్బు చూస్తాను. బొత్తిగా చదునుగా ఉన్న పాత నోటు కంటే, కొత్తగా అచ్చయినప్పటి సన్నటి అలలు కాగితంలో మిగిలి ఉన్న నోటు మీద నాకు నమ్మకం ఎక్కువ.

మీ అరటి నోటుకు మాత్రం ఈ పరీక్ష వాడకండి. అది యుద్ధంలో లెక్కలేకుండా అచ్చు వేసిన నోటు, అందులో ఆ ఉబ్బు ఆశించలేం. తర్వాత తర్వాత వేసినవాటికి వరుస సంఖ్య కూడా లేదు, అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఒకసారి చూడండి, అందులో మొదటి అక్షరం ఎం అయి ఉంటుంది, మలయాకు గుర్తు. బర్మా కోసం వేసినవాటి మీద బి, ఫిలిప్పీన్స్ వాటి మీద పి, డచ్ ఈస్టిండీస్ వాటి మీద ఎస్, ఓషియానియా వాటి మీద ఓ. ఈ ఐదూ ఒక్కో నోటు చొప్పున సేకరించినా చిన్న చక్కటి సెట్ అవుతుంది. మీకు ఆ బొమ్మ అంత నచ్చింది కాబట్టి చెప్తున్నాను.

ఎలా నేర్చుకోవాలని అడిగారు. నేను చేసింది ఇది. బాగా వాడేసిన, చవకగా దొరికే నోట్లు ఒక ముప్పై కలిపి కొన్నాను. ఏ దేశానివైనా సరే అనుకున్నాను. ఒక్కొక్కటి తీసి, మడతలు లెక్కపెట్టి, నాకు తోచిన గ్రేడ్ ఒక చీటీ మీద రాసి మడిచి పక్కన పెట్టేవాణ్ణి. నెల తర్వాత ఆ చీటీ విప్పకుండా మళ్లీ గ్రేడ్ వేసేవాణ్ణి. మొదటిసారి సగానికి పైగా నోట్లకు నా రెండు గ్రేడ్‌లూ కలవలేదు. నాలుగో నెలకు ఎక్కువ నోట్లకు కలిశాయి. పట్టిక ఎన్నిసార్లు చదివినా రానిది అలా వచ్చింది.

పాతకాగితం:

నీటిగుర్తు గారు చెప్పినదంతా నిజమే. కానీ కొత్తవాళ్లకు మొదటి రోజు నుంచే యుఎన్‌సీ మీద ఆశ పెట్టడం నాకు నచ్చదు. గ్రేడ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ నోటు అప్పట్లో ఎవరి చేతిలో ఎంతకాలం ఉండి ఉంటుంది?

జర్మనీ 1923 నోట్లు తీసుకోండి. అప్పుడు ధరలు విపరీతంగా పెరగడంతో అక్కడి కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ సొంత అచ్చు చాలక వందకు పైగా ప్రైవేటు ముద్రణాలయాలకు పని ఇచ్చింది. సమయం లేక చాలా నోట్లకు ఒకవైపే అచ్చు వేశారు. ఈ వారం అచ్చయిన నోటు వచ్చే వారానికి పనికిరాకుండా పోయేది. ఆ నవంబరులో రెంటెన్‌మార్క్ అనే కొత్త డబ్బు వచ్చినప్పుడు ఒక్క రెంటెన్‌మార్క్‌కు లక్ష కోట్ల పాత మార్కులు. అలాంటి నోట్లు కట్టలు కట్టలుగా ఇళ్లల్లో మిగిలిపోయాయి, అందుకే ఇప్పటికీ శుభ్రంగా దొరుకుతాయి. హంగరీ 1946 నోట్లది కూడా అదే కథ, అక్కడి డబ్బు పేరు పెంగో. 1 పక్కన 20 సున్నాలు విలువ చేసే నోటు వాళ్లు చెలామణిలో పెట్టారు. చెలామణిలోకి వచ్చిన నోట్లలో అంతకు మించిన అంకె ఏ దేశంలోనూ లేదు. ఇలాంటివి యుఎన్‌సీలోనే కొనండి, ఓపిక పడితే దొరుకుతాయి.

ఒక నెల జీతం అంత విలువ చేసిన నోటు సంగతి వేరు. దాన్ని ఎవరూ బీరువాలో ఊరికే దాచుకోలేదు, ఖర్చు పెట్టారు. అవి నేడు మిగిలి ఉన్నాయంటేనే గొప్ప. అక్కడ యుఎన్‌సీ కోసం పట్టుబడితే జీవితమంతా వెతుకుతూనే ఉంటారు, లేదా ఇస్త్రీ చేసిన నోటు కొంటారు. నా సేకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది బయాఫ్రా 1 పౌండు నోటు. 1967లో నైజీరియా నుంచి విడిపోయి 1970లో ఓడిపోయిన దేశం అది. నా నోటు గ్రేడ్ ఫైన్. నాలుగు మూలలూ గుండ్రబడ్డాయి, తాటిచెట్టు వెనక సూర్యుడు కాస్త వెలిసిపోయాడు. యుద్ధంలో ఆకలితో ఉన్నవాళ్ల చేతుల్లో తిరిగిందేమో అనిపిస్తుంది. దాని బదులు మచ్చలేని నోటు ఇస్తానన్నా మార్చుకోను.

నీటిగుర్తు:

పాతకాగితం గారూ, ఒప్పుకుంటాను. ఆ తేడా నేను చెప్పి ఉండాల్సింది. ఒక్క విషయంలో మాత్రం విభేదిస్తాను. ఫైన్ నోటునే కొనాలనుకున్నా, అది ఫైనే అని గుర్తించే కన్ను కావాలి. వీఎఫ్ ధర ఇచ్చి ఫైన్ తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. మధ్యలో మడతలు కలిసే చోట నోటును వెలుతురుకు ఎదురుగా పట్టండి. సూది మొన అంత వెలుగు కనిపిస్తే అక్కడ చిల్లు పడినట్టే. అది ఫైన్ కూడా కాదు, ఇంకా కిందకు పోతుంది. అదే పరీక్షలో పిన్ను రంధ్రాలు, అతికించిన చిరుగులు, పలచబడిన చోట్లు కూడా బయటపడతాయి. ఆసియా దేశాల పాత నోట్లకు ఎడమవైపు స్టేపుల్ రంధ్రాలు ఉంటే కంగారు పడకండి. బ్యాంకుల్లో కట్టలు అలా కుట్టేవారు. కానీ అవి ఉన్నాయని అమ్మకందారు ముందే చెప్పాలి.

ఇక జింబాబ్వే. 100 ట్రిలియన్ నోటు 2009 జనవరిలో వచ్చింది, దాని మీద సంవత్సరం మాత్రం 2008 అని ఉంటుంది. ముందువైపు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండరాళ్లు, వెనక విక్టోరియా జలపాతం, అడవి దున్న. వరుస సంఖ్య 'ఏఏ' (AA) అనే అక్షరాలతో మొదలవుతుంది. అచ్చులో చెడిపోయిన నోటు బదులు వేసినవాటికి 'జెడ్ఏ' (ZA) ఉంటుంది, అవి అరుదు. వెలుతురుకు పట్టి చూస్తే జింబాబ్వే పక్షి వాటర్‌మార్క్ కనిపించాలి. బంగారు రేకు మీద అచ్చు వేసినవి, ఇంకా పెద్ద అంకెలతో 'ప్రత్యేక సంచిక' అనేవి ఏవీ ఆ దేశ రిజర్వ్ బ్యాంకు ఇచ్చినవి కావు. ఈ నోటుకు గిరాకీ ఎక్కువ కాబట్టి నకిలీలు కూడా ఎక్కువే.

అందుకే ఈ ఒక్క నోటుకు మాత్రం తొడుగులో ఉన్నది కొనమంటాను. నోట్లకు గ్రేడ్ వేసే పీఎంజీ అనే సంస్థ 2005లో మొదలైంది. వాళ్లు 1 నుంచి 70 దాకా అంకె వేస్తారు. 60 నుంచి పైన ఉన్నవన్నీ యుఎన్‌సీ కిందికే వస్తాయి, 50 నుంచి 58 దాకా ఏయూ. అంకె పక్కన ఈపీక్యూ అని ఉంటే కాగితాన్ని కడగడం, నొక్కడం వంటివి చేయలేదని అర్థం. నా దృష్టిలో అంకె కంటే ఆ మూడు అక్షరాల విలువే ఎక్కువ. తొడుగు మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. దాన్ని ఆ సంస్థ సైట్‌లో వేసి, అక్కడ చూపించే ఫొటోలోని వరుస సంఖ్యను మీ నోటుతో పోల్చండి. తొడుగులకు కూడా నకిలీలు వస్తాయి. మిగతా మామూలు నోట్లను మీరు స్వయంగా గ్రేడింగ్‌కు పంపకండి. రుసుము, పోస్టు ఖర్చు కలిపితే నోటు ధర దాటిపోతుంది.

గాజుపలక:

ఇంకోటి, ఎవరూ చెప్పలేదు కాబట్టి. మెత్తగా, కొంచెం వాసనొచ్చే పీవీసీ కవర్లలో పెట్టొద్దు. కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ నుంచి జిగురులాంటిది ఊరి నోటును పాడుచేస్తుంది. పాలిస్టర్ కవర్లు గానీ పాలీప్రొపిలీన్ కవర్లు గానీ తీసుకోండి. చిరుగులకు టేపు వేయకండి, రబ్బరుతో రుద్దకండి. ఏ గుర్తయినా వేరే చీటీ మీదే రాయండి. నోటు లోపల ఉండగా కవరు మీద పెన్నుతో రాస్తే ఆ అచ్చు కాగితం మీద దిగుతుంది.

కొత్త_సేకర్త:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి గదిలో లైట్లన్నీ తీసేసి పదకొండు నోట్లూ నీటిగుర్తు గారు చెప్పినట్టే చూశాను. మూడు గంటలు పట్టింది.

అరటి నోటులో ఉన్నది ఒక్క మడతే, వేరే లోపం లేదు. అక్షరాలు 'ఎం' తోనే మొదలవుతున్నాయి. యుఎన్‌సీ అని తీసుకున్న ఇంకో రెండు నిజంగానే యుఎన్‌సీ. జర్మనీ 1923 నోటు ఒకటి ఉంది, దానికీ వెనకవైపు ఖాళీయే. ఇన్నాళ్లూ అచ్చు తప్పేమో అనుకుని ఎవరినీ అడగలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, వేరే ఒక అమ్మకందారు దగ్గర వీఎఫ్ అని కొన్న మెక్సికో పెసో. మడతలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా రెండే, రెండూ తేలికవే. గోటితో తాకితే చక్రం గీతలు తగులుతున్నాయి. అది ఎక్స్‌ఎఫ్ అనుకోవచ్చా?

నీటిగుర్తు:

కాగితం పెళపెళలాడుతుంటే, మూలలు పదునుగా ఉంటే ఎక్స్‌ఎఫే. కొందరు అమ్మకందారులు కావాలనే ఒక మెట్టు తగ్గించి చెప్తారు, కొన్నవాళ్లు మళ్లీ రావాలని. ఆ అమ్మకందారు పేరు గుర్తుపెట్టుకోండి. మిగతా నోట్లు కూడా ముందు అక్కడే వెతకండి.

కొత్త_సేకర్త:

మూలలు పదునుగానే ఉన్నాయి. అరటి నోటు గురించి అమ్మకందారుకు వాలుగా తీసిన ఫొటో పంపాను. స్కాన్ మాత్రమే చూసి గ్రేడ్ రాశానని ఒప్పుకుని, తిరిగి పంపుతారా లేక ఏయూ ధరకు ఉంచుకుంటారా అని అడిగారు. ఉంచుకున్నాను. పాలిస్టర్ కవర్లు వచ్చేదాకా శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టాను. పక్కన చీటీ మీద రాసింది ఇది: మలయా, 10 డాలర్లు, ఏయూ, నడిమి మడత ఒకటి. మడిచి పెట్టేశాను, వచ్చే నెల ఈ చీటీ విప్పకుండా మళ్లీ చూస్తాను.